కలం మీద మెలిక పాస్తా

గుమ్మళ్ళపేటలో పుట్టిన ప్రతి బిడ్డా అన్నప్రాసన నాడు ఏ వస్తువును మొదట తాకితే, మర్నాడు ఉదయం పది గంటలకు ఆ వస్తువుకు సంబంధించిన ఉద్యోగంలో చేరిపోవాలి. చేరకపోతే సంజాయిషీ అడుగుతారు. ఆడపిల్లలకు తొమ్మిదో నెలలో, మగపిల్లలకు పదో నెలలో జరిగే ఈ కార్యక్రమానికి పురపాలక సంఘం నుంచి స్పర్శ నమోదు అధికారి స్వయంగా వస్తాడు. చాప పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, బిడ్డ చెయ్యి పడ్డ వస్తువును రిజిస్టరులో ఎక్కించి, నియామక పత్రం అక్కడికక్కడే ఇచ్చేస్తాడు. బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంటే అందినట్టు లెక్క.

ప్రస్తుతం ఆ ఊరి తాసీల్దారు వయసు పదకొండు నెలలు. వెనకటి తాసీల్దారు పదవీ విరమణ చేసిన వారంలో కలం తాకిన మొదటి బిడ్డ కాబట్టి ఆ కుర్చీ ఆయనకు దక్కింది. ఆసుపత్రిలో వైద్యాధికారిణి పాకుతూ రౌండ్లు తిరుగుతుంది, అందుకని మంచాలు తీసేసి రోగుల్ని నేల మీద పడుకోబెడుతున్నారు. పొరుగూరి వాళ్ళు ముక్కున వేలేసుకుంటే గుమ్మళ్ళపేట వాళ్ళకు కాస్త కోపం వస్తుంది. పనులు ఇదివరకు ఎన్నాళ్ళకు అయ్యేవో ఇప్పుడూ అన్నాళ్ళకే అవుతున్నాయని, పైగా ఇప్పటి ఆఫీసరు అప్పుడప్పుడూ నవ్వుతాడని వాళ్ళు చెబుతారు. పురపాలక సంఘం గుమ్మం మీద ‘పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది’ అని రాయించి చాలా ఏళ్ళయింది. మధ్యలో రెండుసార్లు రంగు కూడా వేయించారు.

ఏదీ తాకని బిడ్డకూ అన్యాయం జరగదు. పావుగంట గడిచినా చెయ్యి దేనిమీదా పడకపోతే ఆ బిడ్డను ‘ప్రజలు’ అనే విభాగంలో రాసుకుంటారు. ప్రజల విధి క్యూలో నిలబడటం. సత్యవేణి భర్త వీరభద్రం ఆ ఉద్యోగమే చేస్తున్నాడు. తన అన్నప్రాసన నాడు అతను పాయసం నాకి చాప మీదే నిద్రపోయాడు. అప్పటినుంచి సెలవు రోజులు తప్ప రోజూ తొమ్మిదింటికి బయలుదేరి, ఏదో ఒక క్యూలో నిలబడి, సాయంత్రం ఐదింటికి ఇంటికొస్తాడు. పనిమంతుడని పేరు. ఇంతవరకూ ఒక్కసారి కూడా కౌంటరు దాకా చేరలేదు.

సత్యవేణి గరిటె తాకిన మనిషి. తాకిందని తల్లి మంగతాయారు చెబితే తెలిసింది. తొమ్మిదో నెల సంగతి ఎవరికి గుర్తుంటుంది? తాసీల్దారు కార్యాలయం వెనక, ఘనాహార శిక్షణలో ఉన్న అధికారుల వంటశాలలో ఆమె మూడో తరగతి వంటమనిషి. మంగతాయారు కూడా అదే పొయ్యి దగ్గర పనిచేసి, నడుం వంగాక ఇంటికొచ్చింది.

మొదట్లో అధికారులకు మెత్తగా మెదిపిన పప్పన్నమే పెట్టేవారు. అన్నం వాళ్ళ వేళ్ళ సందుల్లోంచి జారి ఫైళ్ళ మీద పడేది, ఫైళ్ళకు చీమలు పట్టేవి. ఒక వేసవిలో చీమలు తూర్పు వీధి భూముల హద్దులన్నీ తినేశాయి. విచారణ సంఘం ఏడాదిన్నర కూర్చుని, పిడికిలికి చిక్కేది, జారిపోనిది, చీమలకు ఇంకా పరిచయం లేనిది అయిన ఆహారం ఒక్కటే ఉందని తేల్చింది. అది మరమేకులా మెలికలు తిరిగిన పాస్తా. అప్పటినుంచి గుమ్మళ్ళపేటలో అన్నప్రాసన పేరుకే అన్నప్రాసన.

పాస్తా వండటంలో సత్యవేణికి ఊళ్ళో సాటి లేదు. పొట్లం మీద పది నిమిషాలు ఉడికించమని ఉంటుంది. అది పళ్ళున్నవాళ్ళ మాట. ఆమె పద్దెనిమిది నిమిషాలు ఉడికిస్తుంది. ఉప్పు వెయ్యదు, పంచదార ఛాయలకు పోదు, ఎందుకంటే ఏడాది నిండని అధికారికి ఉప్పు పెడితే సస్పెన్షన్. ఒక మెలిక తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూస్తుంది. నొక్కితే వెన్నలా అణగాలి, పట్టుకుంటే మాత్రం విరగకూడదు. ఆ రెంటికీ మధ్య ఒక్క క్షణం ఉంటుంది, దాన్ని కనిపెట్టడమే ఆమె ఉద్యోగం. ఆ తర్వాత ఒక చుక్క నెయ్యి, పైన ఏదో ఒక గుజ్జు.

ఏ గుజ్జో నిర్ణయించేది ఆమె కాదు. టమాటా చేతులతో ఫైలు మీద ముద్ర పడితే ఆమోదం. క్యారెట్ ముద్ర పడితే మరిన్ని వివరాలు కోరినట్టు. గుమ్మడికాయ ముద్ర పడితే ఫైలు పై అధికారికి వెళుతుంది, ఆయన ఇంకా పాలమీదే ఉన్నాడు. ఏ రోజు ఏ గుజ్జు కలపాలో పెద్ద గుమాస్తా ఉదయమే చీటీ పంపుతాడు. పనులున్న పెద్దమనుషులు ఆ చీటీ రాయకముందే పెద్ద గుమాస్తా ఇంటికెళ్ళి, మంచి టమాటాలు నాలుగు చేతిలో పెట్టి, యోగక్షేమాలు కనుక్కుని వస్తుంటారు.

లోహిత పుట్టినప్పుడు సత్యవేణి ఒకటే అనుకుంది, ఈ పిల్ల కలం తాకాలి. రోజూ పదకొండు గంటలకు అధికారుల తల్లులు వరండాలో వరసగా కూర్చుంటారు. ‘మా తాసీల్దారు గారు ఇవాళ నాలుగు ముక్కలు మింగారండి’ అని ఒకావిడ అంటే, ‘మా సబ్ రిజిస్ట్రారు గారికి ఇంకా ఉమ్మెయ్యడమే సరదా’ అని ఇంకొకావిడ మురిసిపోతుంది. ఆ తల్లుల్ని ఎవరూ నువ్వు అనరు. సత్యవేణి కిటికీలోంచి గిన్నెలు అందిస్తూ ఇదంతా చూసేది. కలం తాకిన చేతికి ఎవరో ఒకరు తినిపిస్తారు. గరిటె తాకిన చెయ్యి ఎవరో ఒకరికి తినిపిస్తూనే ఉంటుంది. కూతురు కిటికీకి అవతలి వైపు ఉండాలని ఆమె మనసులో ఎంత గట్టిగా కోరుకుందంటే, కాన్పు నొప్పుల్లో దేవుడి పేరుకు బదులు కలం పేరు తలుచుకుంది.

అందుకే లోహితను బుల్లిరాజు మాస్టారి కోచింగు సెంటరులో చేర్పించింది. మాస్టారు సుద్దముక్క తాకినవాడు. సెంటరు ముందు ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని పెద్ద అక్షరాలతో బోర్డు, దాని కింద పోయిన ఏడాది ఫలితాలు ఉంటాయి. కలాలు పద్నాలుగు, స్టెతస్కోపులు తొమ్మిది, మైకు ఒకటి. మైకు తాకిన పిల్లవాడి ఫొటో అందరికంటే పెద్దది. అన్నప్రాసనకు ముందే బిడ్డకు ఘనాహారం పెట్టడం నిబంధనలకు విరుద్ధం. కోచింగు కింద పెడితే విరుద్ధం కాదు.

“చూడమ్మా, పిల్లకి కలం అంటే ప్రేమ ఉండదు,” అన్నాడు బుల్లిరాజు మొదటి రోజు. “పాస్తా అంటే ఉంటాది. కలం మీద పాస్తా ముక్కలు అంటిస్తాం. పిల్ల పాస్తా కోసం వెళ్తాది, కలం పట్టుకుంటాది. తర్వాత నెమ్మదిగా పాస్తా తీసేస్తాం. కలం మిగులుద్ది.”

“తీసేశాక కూడా పట్టుకుంటాదాండి?” అంది సత్యవేణి.

“మీ ఆయన, కౌంటర్లో మనిషి లేకపోయినా లైన్లో నించోట్లేదా? అంతా అలవాటమ్మా.”

సత్యవేణికి అది సబబుగానే తోచింది. మొదటి వారం కలం మీద ఆరు ముక్కలు, రెండో వారం మూడు, మూడో వారం ఒకటి. నాలుగో వారం నెయ్యి పూత మాత్రమే. పరీక్ష నాడు ఏమీ ఉండదు.

ఇంట్లో కూడా ఆమె రోజూ సాధన చేయించేది. వంటశాల నుంచి వచ్చి చీర కుచ్చిళ్ళు దోపుకుని, చిన్న గిన్నెలో పన్నెండు మెలికలు పడేసి, పద్దెనిమిది నిమిషాలు పొయ్యి దగ్గరే నిలబడేది. అధికారులకు నొక్కినదానికంటే ఇంకోసారి ఎక్కువ నొక్కి చూసేది. మొదటి రోజు లోహితకు పొలమారి, కళ్ళు ఎర్రబడి, ముక్క బయటకు వచ్చేదాకా సత్యవేణి ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. మూడో రోజుకల్లా పిల్ల ఆరితేరింది. ముక్కను పిడికిట్లో పిసికి, నుదుటికి ఒకసారి కొట్టుకుని, పరీక్షగా చూసి, అప్పుడు నోట్లో పెట్టుకునేది. కింద వచ్చిన రెండు పళ్ళతో దాన్ని ఏం చెయ్యాలో తెలియక కాసేపు ఆలోచించేది. ఆ ఆలోచించే మొహం చూసి సత్యవేణికి తాసీల్దారే గుర్తొచ్చేవాడు.

పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్న మంగతాయారు ఇదంతా చూస్తూ ఉండేది. “కలంలో ఏం రుచుంటాదే? ముద్ద చూపించి పుల్ల చేతిలో పెడతన్నారు పిల్లకి,” అందొకసారి.

“నాలాగా పొయ్యి దగ్గర మాడాలా అయితే?”

మంగతాయారు లేచి, తడి బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళింది. ఆ బట్టలు అప్పటికే ఆరేసి ఉన్నాయి.

అన్నప్రాసన రోజుకు సత్యవేణి సెలవు చీటీ పెట్టుకుంది. చీటీ చేరిన పూట గుజ్జు క్యారెట్ కావడంతో మరిన్ని వివరాలు కోరారు. అందువల్ల అన్నప్రాసన నాడు కూడా ఆమె తొమ్మిదిన్నర దాకా వంటశాలలో తాసీల్దారు ఫలహారం ఉడికించి, ఒక మెలిక నొక్కి చూసి, నెయ్యి చుక్క వేసి, పరుగున ఇంటికొచ్చింది. కుంకుడు రసంతో చేతులు కడుక్కుంది. చింతపండు పెట్టి తోముకుంది. పట్టుచీర కట్టుకుని చాప వెనక, తల్లులు కూర్చోవలసిన పసుపు గీత దగ్గర కూర్చుంది. తల్లి మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. ఉండటానికి మాత్రం అభ్యంతరం లేదు.

స్పర్శ నమోదు అధికారి పట్టాభిరామయ్య టేపుతో కొలిచి వస్తువుల్ని అర్ధచంద్రాకారంలో పెట్టించాడు. కలం, పుస్తకం, కత్తెర, సుత్తి, స్టెతస్కోపు, తక్కెడ, గరిటె. ఆడపిల్ల కాబట్టి గరిటె ఒక జానెడు ముందుకు ఉంటుంది, అది ఆనవాయితీ. పురోహితుడు మంత్రం ముగించాడు. మేనమామ పాయసం నాకించాడు. అధికారి గడియారం నొక్కాడు.

లోహిత గరిటె వైపు చూడనైనా లేదు. నాలుగు వారాల చదువు ఊరికే పోతుందా! తిన్నగా కలం దగ్గరికి పాకింది. గుమ్మంలో నిలబడ్డ బుల్లిరాజు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. పిల్ల కలం ముందు ఆగి, వంగి, ముక్కు దగ్గరపెట్టి చూసింది. కలం మీద ఏమీ లేదు. ఈ పక్క నుంచి చూసింది, ఆ పక్క నుంచి చూసింది. ఎక్కడా ఏమీ లేదు. తాకకుండానే కూర్చుండిపోయింది.

మిగతా పిల్లలతో బుల్లిరాజు పద్ధతి పారడానికి ఒక కారణం ఉంది, అది ఆయనకూ తెలియదు. వాళ్ళ లోకంలో పాస్తా కలం మీదే కాసేది. లోహిత లోకంలో రెండుచోట్ల కాసేది, కలం మీదా, అమ్మ చేతులమీదా. ఒకచోట లేకపోతే రెండోచోట ఉంటుందని తొమ్మిదో నెల బిడ్డకు ఒకరు చెప్పాలా?

పద్నాలుగో నిమిషంలో లోహిత వెనక్కి తిరిగింది. తల్లిని చూసి, కింది పెదవి ముందుకు పెట్టి, ఏడుపు మొదలెట్టి, ఏడుస్తూనే పాకడం మొదలెట్టింది.

“చేతులు వెనక్కి తియ్యమ్మా!” గుమ్మంలోంచి బుల్లిరాజు గొంతు నొక్కిపెట్టి అరిచాడు. “వెనక్కి తియ్యి! తిరిగి కలం కాడికే వెళ్తాది!”

సత్యవేణి చేతులు వెనక్కి పెట్టుకుంది. పిల్ల గీత దాకా వచ్చింది. చేతులు కనబడలేదు. ఒళ్ళోకి చూసింది, అక్కడా లేవు. అప్పుడు ఏడుపు మారింది. ఆకలి ఏడుపు కాదది, అమ్మ ఎదురుగా ఉండి కూడా లేదే అన్న ఏడుపు. పట్టాభిరామయ్య గడియారంలో ఇంకా నలభై సెకన్లు ఉన్నాయి. నలభై సెకన్లు ఓర్చుకుంటే కలం పట్టుకున్నా పట్టుకోవచ్చు, పట్టుకోకపోతే ప్రజల్లో కలిసిపోతుంది, వాళ్ళ నాన్న పక్కన క్యూలో నిలబడుతుంది. సత్యవేణికి ఇదంతా తెలుసు. తెలిసే చేతులు ముందుకు చాచింది. లోహిత రెండు వేళ్ళు పట్టుకుని, నోట్లో పెట్టుకుని, ఏడుపు మానేసింది. కుంకుడుకాయకూ చింతపండుకూ లొంగని నెయ్యి వాసన ఆ వేళ్ళకు ఇంకా ఉంది.

పట్టాభిరామయ్య కలం తీశాడు. “తాకిన వస్తువు, తల్లి. సంఖ్య, ఒకటి.”

“తల్లి వస్తువెలా అవుతాదండీ!” అంటూ బుల్లిరాజు లోపలికి వచ్చేశాడు. ఆయనకు ఫలితాల బోర్డు గురించి బెంగ.

“ఎందుకవదు మాస్టారూ? నిర్వచనం ఉందిగా,” అన్నాడు పట్టాభిరామయ్య నెమ్మదిగా. “ఇంట్లో ఉండి, పనికొచ్చి, పెట్టినచోట ఉండేది వస్తువు.” అక్కడున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగవాళ్ళు తలూపారు.

“మరి ఉద్యోగం?” అన్నాడు వీరభద్రం. పెళ్ళయ్యాక అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

“తల్లిని చూసి పిల్లను అన్నారు కదండీ పెద్దలు. తల్లిది ఏ పనైతే పిల్లదీ అదే. కొత్తేం కాదు, మీ ఇంట్లోనే ఉంది వెనకటి ఉదాహరణ.” సంచిలోంచి పాత రిజిస్టరు తీసి, వేలికి తడి చేసుకుని పేజీలు తిప్పి, సత్యవేణి ముందు పెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి సిరా గోధుమరంగుకు తిరిగింది. బిడ్డ పేరు, సత్యవేణి. తాకిన వస్తువు, తల్లి. దాని పక్కన చిన్న అక్షరాలతో, రికార్డు సౌలభ్యం కోసం గరిటెగా చదువుకోవలెను.

సత్యవేణి ఆ వరసను ఇంకోసారి చదివింది. తర్వాత తలెత్తి తల్లిని చూసింది.

“గరిటె అని చెప్పావు కదే అమ్మా.”

“ఏం చెప్పమంటావే మరి?” మంగతాయారు కొంగుతో మూతి తుడుచుకుంది. “నా చెయ్యి పట్టుకుంటే నీ బతుకు ఇలాగయ్యిందని చెప్పనా? నువ్వు ఏడుస్తా వచ్చావు. చెయ్యెలా తీసుకుంటానే.”

“అంతకుముందు రిజిస్టరు కూడా చూస్తారామ్మా? మీ అమ్మగారిది?” అని మర్యాదగా అడిగాడు పట్టాభిరామయ్య. అక్కర్లేదంది సత్యవేణి. ఆయన నియామక పత్రం రాసి లోహితకు అందించాడు. లోహిత దాన్ని పిసికి, నుదుటికి ఒకసారి కొట్టుకుని, పరీక్షగా చూసి, నోట్లో పెట్టుకుంది. అందినట్టు నమోదైంది.

మర్నాడు పది గంటలకు లోహిత వంటశాలలో నాలుగో తరగతి సహాయకురాలిగా చేరింది. ఉడికిన మెలికల్ని పిసికి చూసే పని ఇచ్చారు, అందులో ఆమెకు మంచి అనుభవం ఉందని వెంటనే తెలిసిపోయింది. ఆమె పిసికినవి తాసీల్దారు ఉమ్మెయ్యకుండా మింగాడు. బుల్లిరాజు మాస్టారు రెండు రోజులు దిగులుపడి, మూడో రోజు బోర్డు మీద ‘వంటశాల ఒకటి, తొలి ప్రయత్నంలోనే’ అని చేర్పించాడు. పురపాలక సంఘం కొత్త ఉత్తర్వు జారీ చేసింది, ఇకపై అన్నప్రాసనల్లో తల్లులు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోవాలి. కట్టడానికి తాడు సంఘమే ఉచితంగా ఇస్తుంది. తాడు కోసం పెట్టిన క్యూలో వీరభద్రం ముందువరసలో ఉన్నాడు.

అధికారుల భోజనాలయ్యాక, గిన్నె అడుగున మిగిలిన మెలికల్ని సత్యవేణి లోహితకు పెడుతుంది. సిబ్బంది అధికారులతో కలిసి తినకూడదు కాబట్టి పన్నెండున్నర అవుతుంది. కిటికీకి అవతల తాసీల్దారు నిద్రపోతుంటాడు, ఇవతల అతని కంటే రెండు నెలలు చిన్నదైన పిల్ల గిన్నెను గరిటెతో కొడుతూ తన వంతు కోసం చూస్తుంటుంది.

ఒకరోజు తాసీల్దారు తల్లి ఖాళీ గిన్నె ఇవ్వడానికి వచ్చి, ఆ గరిటె మోత విని ముచ్చటపడింది. “ఇంత చిన్నతనంలోనే పని మీద ఎంత శ్రద్ధండీ! ఎవరు నేర్పారు?”

“మేమేం నేర్పలేదండి,” అంది సత్యవేణి. “దానంతట అదే ఎంచుకుంది.”

ఆ మాట ఎక్కడా తడబడకుండా వచ్చింది. చిన్నప్పుడు వీధిలో ఎవరు అడిగినా మంగతాయారు ఇదే మాట, ఇలాగే నవ్వుతూ చెప్పడం ఆమె ఎన్నోసార్లు విని ఉంది. తాసీల్దారు తల్లి వెళ్ళిపోయాక సత్యవేణి మరుగుతున్న నీళ్ళలోంచి ఒక మెలిక తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కింది. ఇంకా రెండు నిమిషాలు పడుతుంది.